ఫిలిం డబ్బాలో కన్ను

ఇటు రా తల్లీ, ఆ గుమ్మంలో నిలబడితే నా మాట నీకు సగమే వినపడుతుంది. ఈ చాప మీద కూర్చో, నీ మోకాలు నా మోకాలికి తగలాలి. నీ చేతిలో ఆ ఫిలిం డబ్బా చెత్తలోదనుకుని తీశావు గానీ, ఒకసారి చెవి దగ్గర పెట్టి ఊపి చూడు. టిక్కు టిక్కుమంటోందా? అందులో ఒక కన్ను ఉంది. నవ్వకు. మీ అమ్మ హైమ ఇవాళ స్టూడియోలో కెమెరా వెనక నిలబడి అందరినీ గడ్డం పైకెత్తమంటోందంటే, అది ఈ కన్ను పెట్టిన భిక్షే. చెబుతాను విను. మధ్యలో నేను దారి తప్పితే చిటికె వెయ్యి, మళ్ళీ వస్తాను.

నాది కుసుమంచి. రెండో తరగతిలో ఉండగానే మా నాన్న బడి మాన్పించి బర్రెల వెంట పంపాడు. పెళ్ళయి భద్రాచలం వచ్చేదాకా ఫొటో అంటే ఏమిటో నాకు తెలియదు. మీ తాతయ్య వెంకటనారాయణ మధిర వైపు రైతుబిడ్డ. నాగలి పట్టమంటే కెమెరా మెడలో వేసుకుని వచ్చేసి, ఇక్కడ గుడికి పోయే దారిలో స్టూడియో పెట్టాడు. భక్తులు గోదావరిలో మునిగి, దర్శనం చేసుకుని, తడి జుట్టుతోనే వచ్చి ఫొటో దిగేవాళ్ళు. ఆయన తీసేవాడు, నేను కడిగేదాన్ని. కడగడమంటే చీకటి గదిలో, ఎర్రబల్బు కింద. తెల్ల కాగితాన్ని మందునీళ్ళలో వేసి పళ్ళెం మెల్లగా ఊపుతుంటే ముందు జుట్టు వస్తుంది, తర్వాత కనుబొమలు, ఆఖరికి నవ్వు వస్తుంది. గడియారం చూడడం రాదు కాబట్టి రామ రామ అని లెక్కపెట్టుకునేదాన్ని. ముప్ఫై రామలకి తీస్తే పెళ్ళికూతురు తెల్లగా ఉంటుంది, నలభై అయితే వాళ్ళ మేనత్తలా ఉంటుంది. అక్షరాలు రాని దాన్ని, మనుషుల ముఖాలు అలా చదివాను. ఆ గదిలో ఉన్నంతసేపు నన్ను చదువురానిదని అనగలిగినవాళ్ళు లేరు.

మా స్టూడియోకి సరిగ్గా ఎదురుగా మహబూబ్ అలీ స్టూడియో. మంచి పనివాడు. ఎనభై ఆరు వరద నాటికి మీ తాతయ్యకూ ఆయనకూ ఆరేళ్ళుగా మాటల్లేవు. ఎందుకంటావా? మన దగ్గర పెళ్ళంటే ఆడపెళ్ళివారికి ఒక ఫొటోగ్రాఫరు, మగపెళ్ళివారికి ఒక ఫొటోగ్రాఫరు. ఇద్దరికీ ఒకే తాళి, ఒకే క్షణం. ఇల్లందులో ఒక పెళ్ళికి వీళ్ళిద్దరూ చెరో వైపునా పోయారు. సరిగ్గా తాళి కట్టే వేళకి అలీ భాయ్ ముందుకు ఒక అడుగు వేశాడు. మీ తాతయ్య తీసిన ఫొటోలో పెళ్ళికొడుకు రాలేదు, అలీ భాయ్ వీపు వచ్చింది. చొక్కా మీద ఇస్త్రీ మడతలతో సహా చాలా స్పష్టంగా వచ్చింది. ఆయన్నడిగితే, "నీ మోచెయ్యి నా ఫొటోల పడ్డది, దాని సంగతేంది?" అన్నాడట. అంతే. ఆనాటి నుంచి ఒకళ్ళ గడప వైపు ఒకళ్ళు చూడలేదు.

ఎనభై ఆరు ఆగస్టులో గోదావరి ఊళ్ళోకి వచ్చింది. చూసి పోదామని వచ్చినట్టు లేదు, కాపురముండడానికి వచ్చినట్టు వచ్చింది. ఇంట్లో నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చేసరికి నేను కెమెరాను బియ్యం డబ్బాలో కూరి నెత్తిన పెట్టుకుని బయటపడ్డాను. పెద్ద ఫ్లాష్ సంగతి మరిచేపోయాను. మేకుకి వేలాడుతూ వేలాడుతూ అది గోదావరి పాలయింది. మీ తాతయ్య చొక్కా జేబులో మాత్రం అరచేతిలో పట్టే చిన్న ఫ్లాష్ ఒకటి మిగిలింది. దాని వెలుతురు ఎంతంటే, ఇద్దరు మనుషులు దగ్గర దగ్గరగా నిలబడితే సరిపోతుంది. మూడోవాడు చీకట్లోనే.

మిట్ట మీద బడిలో అందరికీ ఆశ్రయం ఇచ్చారు. మా పక్క పొయ్యి ఎవరిదనుకున్నావు? అలీ భాయ్ భార్య షహజాదిది. మగవాళ్ళిద్దరూ ఒకే వరండాలో వీపూ వీపూ పెట్టుకుని కూర్చున్నారు. మేమిద్దరం ఒకే అగ్గిపెట్టెతో పొయ్యి వెలిగించుకున్నాం.

"మీ సామాను ఏమన్న దక్కిందా?" అని అడిగాను.

"ఏం జెప్పాలె అక్కా," అంది షహజాది. "సామాను దియ్ దియ్ అని మా ఆయన ఒకటే ఒర్రుడు. అన్నిట్ల పెద్దది ఏందని చూసిన. ఫ్లాష్ పెద్దగున్నది, భుజానికేసుకునే బ్యాటరీ పెట్టెతోని. గదే ముఖ్యమనుకొని బొంతల జుట్టి తెచ్చిన. కెమెరా గింతంత ఉండె, అక్కడ్నే వదిలిపెట్టిన. గా దినం నుంచి నా మొఖం చూస్తే చాలు, తల కొట్టుకుంటుండు."

"నేను కెమెరా తెచ్చిన. ఫ్లాష్ వదిలిపెట్టిన," అన్నాను.

ఆమె నన్ను చూసింది, నేను ఆమెను చూశాను. పొయ్యి ముందు పొగలో ఇద్దరం పడీ పడీ నవ్వాం.

"చూసినవా అక్కా," అంది కళ్ళు తుడుచుకుంటూ, "అల్లా ఒక్క ఫొటోగ్రాఫర్‌ని రెండు ముక్కలు జేసి రెండిండ్లల్ల పడేసిండు."

నీళ్ళు తీశాక చూస్తే ఇల్లంతా మోకాలెత్తు బురద. నెగెటివులన్నీ ఒకదానికొకటి అతుక్కుని అట్ట అయిపోయాయి. మీ తాతయ్యకి మనసు విరిగింది. నాలుగు నెలలు చూశాడు. ఒక రోజు, "బుల్లీ, కెమెరా అమ్మేస్తాను. సత్తుపల్లిలో అన్నయ్య దగ్గరికి పోదాం. పొలం పని ఎట్లాగో నేర్చుకుంటాను," అన్నాడు. నాకు సత్తుపల్లి మీద కోపం లేదమ్మా. మంచి ఊరే. కానీ అక్కడ ఎర్రబల్బు ఉండదు. పళ్ళెంలో ముఖాలు తేలవు. అక్కడ నేను బుల్లెమ్మను మాత్రమే, రెండో తరగతి బుల్లెమ్మను. ఆ మాట ఆయనతో అనలేదు. సంచి సర్దమంటే సర్దాను.

సర్దిన సంచి గోడకు వేలాడుతుండగానే మాఘమాసం వచ్చింది, పిచ్చయ్య వచ్చాడు. ఆయన పర్ణశాల దాటి లోపలికి పోతే వచ్చే ఊళ్ళో రైతు. కూతురు పెళ్ళి, గోధూళి లగ్నం.

"నారాయణా, నువ్వే తియ్యాలె," అన్నాడు. "వరదల మా ఇంట్ల ఫొటోలన్నీ పోయినయ్. మా నాయిన మొఖం ఎట్లుంటదో ఇగ నా మనవలకు ఎవరు చూపిస్తరు? అందుకే అంటున్న. తాళి కట్టే గడియల, పందిట్ల ఉన్న చుట్టాలంత ఒక్క ఫొటోల పడాలె. ఎనక నిలబడ్డోళ్ళు గూడ."

మీ తాతయ్య తల ఊపాడు. పిచ్చయ్య వెళ్ళాక గోడకి ఆనుకుని కూర్చుండిపోయాడు. "పందిరంతా పడాలంటే పెద్ద ఫ్లాష్ కావాలి. మన దగ్గరేముంది? మిణుగురు పురుగుంది," అన్నాడు. సంచి వైపు చూసి, "ఇది ఒక్కటీ వస్తే ఉందాం బుల్లీ. రాకపోతే ఆ సంచి దించు," అన్నాడు.

నేను ఆ సాయంత్రమే నీళ్ళ బిందె పట్టుకుని రోడ్డు దాటాను. నీళ్ళ కోసం కాదని షహజాదికి తెలుసు. ఆమె నా కంటే ముందే ఒక మాట అంది: "పిచ్చయ్య బిడ్డ పెండ్లి సంగతేనా? మగపెండ్లోళ్ళు మా ఆయనకు చెప్పిన్రు. మా దగ్గర కెమెరా లేదు. ఈయన ఏమో అవ్ అన్నడు, ఇప్పుడు నిద్ర పడుతలేదు."

షహజాదికి షుకూర్ అని ఒక తమ్ముడు. బజార్లో రేడియోలు బాగుచేసేవాడు. మర్నాడు మేమిద్దరం కెమెరా, ఫ్లాష్ పట్టుకుని అతని కొట్టుకు పోయాం. మా వెనకే మగవాళ్ళిద్దరూ, వేరే ఏదో పని మీద వచ్చినట్టు మొహాలు పెట్టుకుని వచ్చి, బల్లకు చెరో చివరా కూర్చున్నారు.

షుకూర్ రెండూ తిప్పి తిప్పి చూశాడు. "కెమెరా ఒక కంపెనీది, ఫ్లాష్ ఇంకో కంపెనీది. దీని పిన్ను దాని చిల్లిల దూరది. నడుమ తీగ అతికిస్త."

"నా కెమెరా జోలికి రావద్దు," అన్నాడు మీ తాతయ్య. "మిగిలింది అదొక్కటే. ఆ ఫ్లాష్‌లో కరెంటు దీని లోపల రేకులు తట్టుకోకపోతే? అయినా ఆయన లైటుకీ నా కెమెరాకీ తాడు కట్టుకుని పందిరంతా తిరగాలా?"

అలీ భాయ్ ఆయనకు చెప్పలేదు, బామ్మర్దికి చెప్పాడు. "నాకేమన్న సరదానా షుకూర్? ఆయన ఎన్క ఎన్క తాడు గట్టిన ఎద్దు లెక్క నేను నడవాల్నా?"

షుకూర్ ఇద్దర్నీ చూశాడు. "అట్లనా? అయితే తాడే వద్దు," అని లేచి మూలనున్న విరిగిన రేడియోలో చెయ్యి పెట్టాడు. చిన్న గాజు బుడ్డి ఒకటి పీకాడు. కందిగింజ కంటే కొంచెం పొడుగు, మూడు వెంట్రుకల్లాంటి కాళ్ళు, ఒళ్ళంతా నల్ల రంగు.

"ఇది ట్రాన్సిస్టర్ అక్కా. దీనికి నల్లరంగు ఎందుకు పూసిన్రో తెల్సా? లోపలికి ఎలుతురు వోతే దీనికి పిచ్చి లేస్తది, రేడియో కూతలు కూస్తది. మనకు ఇప్పుడు గా పిచ్చే కావాలె."

బ్లేడుతో ఆ రంగు గీకుతూ కూర్చున్నాడు. బిడ్డకు కాటుక తుడుస్తున్నట్టు అంత మెల్లగా గీకాడు. తర్వాత ఇంకేవో ముక్కలు కలిపి అతికాడు. ఫిలిం డబ్బా మూతకి చిల్లి పెట్టి ఆ కన్ను బయటికి చూసేట్టు అమర్చి, రెండు తీగలు పెద్ద ఫ్లాష్‌కి కలిపాడు. "అన్నా, నీ కెమెరా మీద నీ చిన్న ఫ్లాష్ పెట్టుకో. నువ్వు మెరిపిస్తే ఈ కన్ను చూస్తది. చూసిందా, పెద్ద ఫ్లాష్‌ను లేపుతది. ఒక్కటే, ఎండల ఇది గుడ్డిది. నీడ ఉండాలె."

తలుపు మూశారు. మీ తాతయ్య కొట్టుకి ఈ చివర నిలబడి చిన్న ఫ్లాష్ మీట నొక్కాడు. ఆ చివర, ఎవరూ ముట్టుకోకుండానే, పెద్ద ఫ్లాష్ టప్‌మని పేలినట్టు మెరిసింది. తలుపు సందులోంచి వెలుతురు బయటికి పోయి, రోడ్డు మీద మేక ఒకటి బెదిరి కూరగాయల తట్టలో పడింది. అలీ భాయ్ "సుభానల్లా" అన్నాడు. మీ తాతయ్య ఇంకోసారి నొక్కాడు. ఇంకోసారి. చిన్నపిల్లాడిలా.

ఇక మిగిలింది పెద్ద ఫ్లాష్ ఎవరు పట్టుకోవాలని. ఫొటోగ్రాఫరు అంటే ఫొటోగ్రాఫరే. లైటు పట్టేవాడిని పెళ్ళిలో ఎవరూ పేరు పెట్టి పిలవరు. అలీ భాయ్ మీ తాతయ్యకు లైటు పట్టడు, మీ తాతయ్య అలీ భాయ్‌కి కెమెరా ఇవ్వడు.

"లైటు నేను పట్టుకుంట," అన్నాను. ఇద్దరూ ఊపిరి పీల్చుకున్నారు.

పెళ్ళి రోజున దుమ్ముగూడెం బస్సెక్కి, దిగి, పిచ్చయ్య పంపిన బండి మీద పోయాం. టేకాకుల పందిరి, కింద పెట్రోమాక్స్ లైట్లు. సూర్యుడు గోదావరి అవతలికి వంగాడు. నేను బ్యాటరీ పెట్టె భుజాన వేసుకుని, మండపానికి కుడి పక్కన ఒక పీట మీద ఎక్కి నిలబడ్డాను. మీ తాతయ్య ఎదురుగా, కెమెరా స్టాండ్ మీద. అలీ భాయ్ మగపెళ్ళివారి వైపు చేతులు కట్టుకుని నిలబడ్డాడు. చేతిలో కెమెరా లేని ఫొటోగ్రాఫరు ఎలా ఉంటాడంటే, తల మీద పగిడీ ఎవరో ఎత్తుకుపోయినవాడిలా ఉంటాడు.

పెళ్ళికూతుర్ని గంపలో తెచ్చారు. మీ తాతయ్య కెమెరా సరిచేసుకుంటున్నాడు, ఇంకా మీట మీద వేలు పెట్టనే లేదు. నా చేతిలో పెద్ద ఫ్లాష్ టప్‌మంది! నేను పీట మీంచి పడబోయాను. పురోహితుడు మంత్రం మింగేశాడు. "అమ్మా, ఏంటా పిడుగు!" అన్నాడు.

మీ తాతయ్య నా వైపు ఉరిమి చూశాడు. నేను లేదు లేదని తల ఊపాను. ఆయన తీయబోయేసరికి ఫ్లాష్ ఖాళీ. ఒకసారి మెరిస్తే మళ్ళీ నిండడానికి పన్నెండు రామలు పడుతుంది, షుకూర్ కొట్లోనే లెక్కపెట్టుకున్నాను. పన్నెండు అయ్యాయి, నిండిందని ఫ్లాష్ వెనక ఎర్రదీపం వెలిగింది. ఇంతలో మళ్ళీ టప్! దానంతట అదే.

"ఆ లైటు వాడిదే కదా, వాడి మాటే వింటోంది," అన్నాడు మీ తాతయ్య పళ్ళ మధ్య నుంచి, నాకు వినపడేట్టు. "ఏదో చేశాడు."

అలీ భాయ్‌కీ వినపడింది. "నేను ఈడ చేతులు గట్టుకొని నిలబడ్డ. రెప్ప గొట్టుడు గూడ తప్పయితదా?" అన్నాడు.

మీ తాతయ్యకి నమ్మకం పోయింది. తన మాట వింటుందో లేదో చూద్దామని చిన్న ఫ్లాష్‌ని ఊరికే నొక్కుతున్నాడు. పెద్దది పలికితే ఊరట, పలక్కపోతే మళ్ళీ నొక్కుడు. అలా ఎన్నిసార్లు నొక్కాడో రాముడికే తెలియాలి. నేను మాత్రం చుట్టూ చూస్తున్నాను. మూడోసారి తెలిసింది. మగపెళ్ళివారిలో ముందు వరసలో, పెళ్ళికొడుకు మేనమామ వెంకటరామారావు, హైదరాబాదులో బ్యాంకు ఆఫీసరు, మెడలో కొత్త కెమెరా, దాని నుదుటి మీదే చిన్న ఫ్లాష్. ఆయన నొక్కాడు, నా చేతిలోది పేలింది. ఆయన మళ్ళీ నొక్కాడు, నాది మళ్ళీ పేలింది.

అదీ సంగతి! ఆ కన్నుకి మనవాడు, పరాయివాడు లేరు. ఏ కంపెనీ మెరుపైనా మెరుపే. షుకూర్ కొట్లో మూడో కెమెరా లేదు, అందుకే మాకెవరికీ ఆ ఊహే రాలేదు.

ఆయన్ని తీయొద్దని చెప్పొచ్చు కదా అంటావేమో. ఎవరు చెబుతారు? పందిట్లో మగపెళ్ళివారు చంద్రుణ్ణి అడిగినా, తెస్తున్నామనాలి. పెళ్ళికొడుకు మేనమామను కెమెరా దించమంటే ఆయన అలుగుతాడు, ఆయన అలిగితే పెళ్ళికొడుకు అలుగుతాడు, పిచ్చయ్య తలపాగా తీయాల్సి వస్తుంది. కాబట్టి నేను చేయగలిగింది చేశాను. కన్ను మీద అరచెయ్యి మూశాను. హైదరాబాదు మెరిసింది. నా చేతిలోది నోరు మూసుకుని ఊరుకుంది.

మీ తాతయ్యకి సైగ చేశాను: నువ్వు తల ఊపు, నేను చెయ్యి తీస్తాను. అలాగే జీలకర్ర బెల్లం ఫొటో వచ్చింది. పందిరంతా తెల్లగా మెరిసింది. ఆయన ముఖం విప్పారింది. పురోహితుడు మంగళసూత్రం పళ్ళెంలో పెట్టి పెద్దల చేత ముట్టించమని పంపాడు. ఆ పళ్ళెం వరస వరసా తిరుగుతోంది. అప్పుడే మీ తాతయ్య ముఖంలో రంగు పోవడం చూశాను.

చిన్న ఫ్లాష్ వెనక చుక్కదీపం వెలగడం లేదు. నొక్కాడు, కదలలేదు. అరచేతిలో తట్టాడు, ఊదాడు. సెల్లులు అయిపోయాయి. అనుమానంతో నొక్కి నొక్కి తనే ఖాళీ చేసుకున్నాడు. ఒక్క పెళ్ళికి ఒక జత చాలని వేరే జత తేలేదు. ఆ ఊళ్ళో కొట్టు లేదు. నా చేతిలో పెద్ద ఫ్లాష్ నిండుగా ఉంది, ఎర్రదీపం వెలుగుతోంది. లేపేవాళ్ళు లేరు.

పళ్ళెం రెండో వరస దాటింది. నాకు గోడ మీద సర్దిన సంచి కనిపించింది. నిజంగా కనిపించింది తల్లీ, పందిట్లో. అంతలో మేనమామ కెమెరా మళ్ళీ మెరిసింది, నా అరచేతి కింద ఆ కన్ను ఉలిక్కిపడ్డట్టు అనిపించింది.

పీట దిగి అలీ భాయ్ దగ్గరికి ఉరికాను.

"అన్నా, మా చిన్న ఫ్లాష్ సచ్చింది. ఆ హైదరాబాద్ సార్ మెరుపుకు మన పెద్దది లేస్తది. గా మెరుపును పట్టుకోవాలె. ఎట్ల?"

 ఆయన చేతులు విడివడ్డాయి. నా పక్క నుంచి దాటి, ఆరేళ్ళ తర్వాత, నేరుగా మీ తాతయ్య ముందుకు పోయి నిలబడ్డాడు.

"నారాయణా, 'బి' మీద పెట్టు."

'బి' అంటే కెమెరా మీద ఒక అక్షరం. అక్కడ పెడితే మీట నొక్కి పట్టుకున్నంతసేపూ కెమెరా కన్ను తెరిచే ఉంటుంది. వదిలితే మూసుకుంటుంది. మీ తాతయ్యకు ఒక్క మాటలోనే అంతా అర్థమైంది. తెరిచి ఉంచితే, ఎవరి మెరుపైతేనేం?

"ఎప్పుడు తెరవాలి? ముందే తెరిస్తే మనుషులు కదిలి బొమ్మ చెరిగిపోద్ది," అన్నాడు.

"సార్ పక్కకు నేను పోత. నా చెయ్యి ఎత్తంగనే తెరువు. దించంగనే మూయ్."

మీ తాతయ్య కెమెరాను 'బి' మీదికి తిప్పాడు. "నా ముందుకి రావు కదా?"

"ఇయాల నా వీపు కాదు, నా చెయ్యి చూడు," అని అలీ భాయ్ వెళ్ళిపోయాడు.

ఆయన మేనమామ దగ్గరికి పోయి ఎంత వినయంగా వంగాడో! "సార్, మీ కెమెరా ముందు మావేం కెమెరాలు. తాళి ఫొటో మీదే ఫస్టు పడాలె. జల్దీ పడొద్దు. సరైన టైముకు నేను చెయ్యెత్తి 'ఊఁ' అంట, మీరు నొక్కున్రి." మేనమామ కాలరు సరిచేసుకున్నాడు. "గట్లనే గానీ, నువ్వు అడ్డం రాకు," అన్నాడు. అలీ భాయ్‌కి ఆ మాట అనేవాళ్ళు ఎక్కువే.

నేను పీట ఎక్కాను. అరచెయ్యి కన్ను మీద. చేతికి పసుపు అంటి ఉంది, కన్ను మీద మరక పడిందేమోనని కొంగుతో తుడిచి మళ్ళీ మూశాను. పెళ్ళికొడుకు లేచాడు. "గట్టిమేళం, గట్టిమేళం" అన్నారు. డోలు, సన్నాయి, అక్షింతలు, ఏ మాటా ఎవరికీ వినపడదు. నేను అలీ భాయ్ చేతినే చూస్తున్నాను. మీ తాతయ్య కూడా కెమెరాలోంచి చూడడం మానేసి ఆ చేతినే చూస్తున్నాడు. ఆరేళ్ళుగా ఆ మనిషి గడప వైపు చూడని మనిషి.

చెయ్యి లేచింది.

నేను అరచెయ్యి తీసేశాను. మేనమామ కెమెరా మెరిసింది, నా చేతిలోది దానికి పదింతలు మెరిసింది. వెనక స్తంభాలు, టేకాకుల ఈనెలు, వంటవాళ్ళ గరిటెలు, అన్నీ ఒక్కసారి తెల్లగా లేచి మాయమయ్యాయి. చెయ్యి దిగింది. మీ తాతయ్య మీట వదిలాడు.

అందరూ అక్షింతలు వేశారు. మేం ముగ్గురం మాత్రం అలాగే నిలబడిపోయాం. వచ్చిందో రాలేదో తెలియదు కదా. ఫిలిం కడిగేదాకా ఆ క్షణం ఎవరిదీ కాదు.

మర్నాడు పగలే, కిటికీకి దుప్పటి కట్టి, వరద బురద వాసన ఇంకా పోని ఆ గదిలో ఎర్రబల్బు వేశాను. మీ తాతయ్య లోపలికి రాలేదు. గుమ్మం బయట కూర్చున్నాడు. "నువ్వే చూడు బుల్లీ, నా వల్ల కాదు," అన్నాడు. కాగితం మందునీళ్ళలో వేశాను. రామ, రామ, రామ. పదికి పెళ్ళికూతురి జడ వచ్చింది. పదిహేనుకి పెళ్ళికొడుకు చేతులు, తాళి ముడి దగ్గర. ఇరవైకి పిచ్చయ్య, ఏడుస్తున్నాడు. తర్వాత వెనక వరస, ఆ వెనక వరస, స్తంభం ఎక్కిన వాళ్ళు, గరిటె పట్టుకుని మెడ చాచిన వంటమనిషి. ఒక పెట్రోమాక్స్ దీపం కొంచెం గీతలా సాగింది, అంతే. ముప్ఫై అయ్యేసరికి పై మూలలో ఇంకొకటి తేలింది. చెయ్యి. మోచేతి నుంచి వేళ్ళ దాకా, గాలిలో నిలబడ్డ అలీ భాయ్ చెయ్యి.

"వచ్చిందండీ," అన్నాను.

ఆయన లోపలికి వచ్చి చాలాసేపు చూశాడు. అంచులు కోసే కత్తెర చేతిలోకి తీసుకున్నాడు. పై మూల అంగుళం కోస్తే ఫొటో శుభ్రంగా ఉంటుంది, ఆ చెయ్యి ఉండదు. కత్తెర అక్కడ పెట్టాడు. మళ్ళీ తీశాడు. మళ్ళీ పెట్టేశాడు.

"ఉండనీ," అన్నాడు.

ఆరకుండానే ఆ ఫొటోను రెండు చేతులతో పళ్ళెంలా పట్టుకుని, నీళ్ళు కారుతుండగా, రోడ్డు దాటి ఎదురు గడప ఎక్కాడు. నేను గుమ్మంలో నిలబడి చూశాను. లోపల ఏం మాట్లాడుకున్నారో నాకు వినపడలేదు. కాసేపటికి అలీ భాయ్ గొంతు మాత్రం పెద్దగా వినిపించింది: "అరే, నా చెయ్యి గింత నల్లగున్నదా? బుల్లెమ్మక్క ఎక్కువసేపు ఉంచింది!" నిజమే. నేను నలభై దాకా లెక్కపెట్టాను. ఏడుస్తూ లెక్క తప్పాను.

గోడ మీద సంచి నేనే దించి, అందులో బట్టలు తీసి దండెం మీద వేశాను. సత్తుపల్లి పెద్దబావగారికి మేం రావడం లేదని ఆయన ఉత్తరం రాశాడు. ఇరువైపుల వాళ్ళకూ ఒకే ఫొటో రెండు కాపీలు వేశాం. ఆ తర్వాత చాలా పెళ్ళిళ్ళకి ఆడపెళ్ళివారు ఆయన్ని పిలిచినా, మగపెళ్ళివారు అలీ భాయ్‌ని పిలిచినా, వచ్చేది ఇద్దరూ. ఒకసారి ఆయన లైటు పట్టేవాడు, ఒకసారి ఈయన. అలీ భాయ్‌కి కొత్త కెమెరా వచ్చాక కూడా ఆ పద్ధతి మానలేదు. మీ అమ్మకి మొదట కెమెరా పట్టడం నేర్పింది మీ తాతయ్యే గానీ, ఎదుటివాడికి అడ్డం రాకుండా నిలబడడం నేర్పింది మాత్రం అలీ భాయ్. ఆ మాట ఆయనే చెప్పి ఆయనే నవ్వేవాడు.

ఆ డబ్బా ఇటివ్వు. ఇదిగో, ఈ చిల్లిలోంచి చూడు, గాజు మీద బ్లేడు గీతలు కనిపిస్తున్నాయా? ఇప్పుడు మీ అమ్మ దగ్గర ఉన్నవాటికి ఇది అవసరం లేదు. అయినా పారెయ్యకు. ఇది నీది. నా తర్వాత ఎవరైనా ఇదేంటని అడిగితే, ఇలాగే పక్కన కూర్చోబెట్టుకుని మొదటి నుంచి చెప్పు. షహజాది నవ్వు చెప్పు, మేక తట్టలో పడడం చెప్పు. నీకు పొడుగనిపిస్తే నా రెండో తరగతి సంగతి కత్తిరించుకో, ఫర్వాలేదు. పై మూలనున్న ఆ చెయ్యిని మాత్రం కోసెయ్యకు, తల్లీ.